కార్టూన్ అభిమానుల సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

బడి సంచీ మూలకు విసిరేసి టీవీ ముందు చతికిలబడేలా చేసిన కామెడీ కార్టూన్లు ఈ ఏడాది అమెరికాలో ఒకదాని వెనక ఒకటి తిరిగొచ్చాయి. జూన్ 5న ‘ఫినియస్ అండ్ ఫెర్బ్’ అయిదో సీజన్ డిస్నీ చానల్‌లో మొదలై, మర్నాడు డిస్నీ ప్లస్‌కి ఎక్కింది. 2015 జూన్‌లో ఆగిపోయిన సిరీస్ అది. మధ్యలో పదేళ్లు. జులై 28న ‘గంబాల్’ కాస్త మార్చిన పేరుతో హులూ అనే స్ట్రీమింగ్ వేదికలో వచ్చింది. ఆగస్టు 4న ‘కింగ్ ఆఫ్ ది హిల్’ పది కొత్త ఎపిసోడ్లతో అక్కడే దిగింది. రావాల్సినవి ఇంకా ఉన్నాయి. ఫినియస్ బృందానికి 2023 జనవరిలో ఇచ్చిన మాట రెండు సీజన్లు, మొత్తం 40 ఎపిసోడ్లు కాబట్టి రెండో సగం మీద ఆశ ఉంది. ‘పవర్‌పఫ్ గర్ల్స్’ని దాని సృష్టికర్త క్రెయిగ్ మెక్‌క్రాకెన్ చేతుల మీదుగానే మళ్లీ చేస్తామని 2022 జులైలో ప్రకటించారు. ఈ నివేదిక రాసేనాటికి తేదీ లేదు.

కొత్త ఎపిసోడ్లు చూశాక మన సమావేశాల్లో వినిపించిన ఫిర్యాదులు దాదాపు ఒకే తీరువి. టైటిల్ పాట శ్రుతి దిగింది, పరుగు నెమ్మదించింది, బొమ్మ మరీ నున్నగా ఉంది, గొంతు అది కాదు. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిస్తే సగం తప్పు కొత్త సిరీస్‌ది కాదని తేలింది. మన దగ్గరున్న పాత కాపీదో, టీవీ సెట్టింగుదో, జ్ఞాపకానిదో. అందుకే ఈ ఏడాది పనంతా ఒకే దారిలో నడిచింది. కొత్తది వచ్చేలోగా పాతది నిజంగా ఎలా ఉండేదో తేల్చుకోవాలి. కొలబద్ద వంకరగా ఉంటే కొలిచినవన్నీ వంకరగానే కనిపిస్తాయి.

ఎపిసోడ్ల జాబితా

మొదట చేపట్టిన పని జాబితా. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ చేతులు కాలేది ఇక్కడే. ఒకే ఎపిసోడ్‌కి మూడు సంఖ్యలు ఉంటాయి. స్టూడియోలో తయారైన క్రమం ఒకటి, మొదటిసారి ప్రసారమైన క్రమం రెండోది, ఇప్పుడు స్ట్రీమింగ్‌లో పెట్టిన క్రమం మూడోది. పదకొండు నిమిషాల కథలుగా తయారైనవాటిని అరగంటకు రెండు చొప్పున జతకడతారు. ఆ జతలు చానల్‌ని బట్టి మారతాయి. కాబట్టి ‘రెండో సీజన్ ఏడో ఎపిసోడ్’ అంటే ఇద్దరు సభ్యుల దగ్గర రెండు వేర్వేరు కథలు ఉండటం మామూలే. జతకు కాకుండా ప్రతి చిన్న కథకూ ఒక వరుస ఇవ్వాలని నిర్ణయించాం. ‘గంబాల్’ ఇందులో తేలిక. 2011 మే 3 నుంచి 2019 జూన్ 24 వరకు ఆరు సీజన్లు, 240 కథలు, ఒక్కోటి విడి. ‘యానిమేనియాక్స్’ కష్టం. 99 ఎపిసోడ్లే గానీ ఒక్కో ఎపిసోడ్‌లో పాటలు, చిన్న అంకాలు, మధ్యలో దూరే ముక్కలు కలగలిసి ఉంటాయి. పునఃప్రసారాల్లో వాటిని అటూ ఇటూ మార్చేవారు.

ప్రతి కథకూ జాబితాలో ఉండాల్సిన వివరాలు ఇవి: మూలభాషలో పేరు, నిమిషాలు సెకన్లలో నిడివి, ఏ కాపీ నుంచి కొలిచామన్నది, ఏ భాష, తెర మూలన చానల్ గుర్తు ఉందా, ప్రకటనల విరామం ఎక్కడ, టైటిల్ పాట పూర్తిగా ఉందా, ముగింపు పేర్లు పూర్తిగా ఉన్నాయా. చివరి రెండు గళ్లూ ఖాళీగా వదలొద్దని మళ్లీ మళ్లీ చెబుతున్నాం. ‘యానిమేనియాక్స్’ టైటిల్ పాటలో చివరి ప్రాస ఒక్కో ఎపిసోడ్‌కి ఒక్కో రకంగా మారుతుంది. ముగింపు పేర్ల మధ్యలోనూ జోకులు దాచారు. ఆ రెండూ కత్తిరించిన కాపీ అంటే సగం కాపీ.

జ్ఞాపకం నుంచి రాసేవి వేరే రంగు సిరాతో రాయండి. ‘ఇలాంటి ఎపిసోడ్ ఒకటి కచ్చితంగా చూశాను’ అన్నవాటిలో కొన్ని రెండు కథలు కలిసిపోయినవి. మరికొన్ని ప్రచారం కోసం చానల్ విడిగా చేసిన ముప్పై సెకన్ల ముక్కలు. జ్ఞాపకాన్ని కొట్టివేయం, కానీ ఆధారం దొరికేదాకా అది జాబితాలోకి ఎక్కదు.

టేపుల నకళ్లు

సభ్యుల అటకల మీద ఉన్న వీహెచ్ఎస్ క్యాసెట్లను డిజిటల్‌గా మార్చే పని ఈ ఏడాదీ సాగింది. పాత ప్రసారాల డబ్బింగు గొంతులు చాలావరకు ఈ టేపుల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లు అడిగిన వివరాలన్నీ ఒకచోట పెడుతున్నాం.

క్యాసెట్‌ని ప్లేయర్‌లో పెట్టేముందు దాని మీది కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లటి బూజు పొడి కనిపిస్తే ఆ టేపు మంచి ప్లేయర్‌లోకి వెళ్లకూడదు. బూజు ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి టేపుకీ పాకుతుంది. శుభ్రంగా ఉన్న టేపును ఒక రోజు గది వాతావరణంలో ఉంచి, ప్లే చేయకుండా ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కి తిప్పాలి. ఏళ్ల తరబడి కదలని చుట్టలో బిగువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది. అలాగే ప్లే చేస్తే బొమ్మ పైభాగం జెండాలా ఊగుతుంది.

హెడ్ శుభ్రం చేయడానికి దూదిపుల్ల వాడొద్దు. దూది పోగు హెడ్ అంచుకి చిక్కుకుని దాన్ని విరిచేస్తుంది. మెత్తటి తోలు అంటించిన పుల్లని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, ప్లగ్గు తీసేసి, పుల్లని హెడ్ ఉన్న డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్ముని పై అంచు పట్టుకుని చేత్తో తిప్పాలి. పుల్లని పైకీ కిందికీ రుద్దితే ప్లేయర్ పని అయిపోయినట్టే.

రికార్డింగు 720 గుణకారం 576 పరిమాణంలో, సెకనుకు 25 ఫ్రేములతో, నష్టంలేని కోడెక్‌లో, అంటే నాణ్యత పోకుండా కుదించే పద్ధతిలో చేయాలి. గంటకు సుమారు 30 నుంచి 40 గిగాబైట్లు పడుతుంది. అంత చోటెందుకని నేరుగా చిన్న ఫైలుగా పట్టేవాళ్లున్నారు. కార్టూన్‌లో అది మామూలు సినిమా కంటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే నల్లటి గీత పక్కనే చదునైన రంగు ఉన్నచోట కుదింపు మచ్చలు వెంటనే కంటపడతాయి. శబ్దం 48 కిలోహెర్ట్జ్, 16 బిట్. బొమ్మ అడుగున మినుకుమినుకుమనే నాలుగైదు గీతలు ప్రతి వీహెచ్ఎస్ టేపులోనూ ఉంటాయి, అవి లోపం కాదు. వాటిని నల్లటి పట్టీతో కప్పండి. కత్తిరించి సాగదీస్తే బొమ్మ నిష్పత్తి చెడుతుంది.

ఎక్కువ టేపులు పాడుచేసుకున్నది ఆ తర్వాతి మెట్టులో. పాత టీవీ ప్రసారంలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా వస్తుంది, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి. వాటిని కలపడానికి డీఇంటర్లేసింగ్ చేయాలని అందరూ చదివి ఉంటారు. అయితే ఫిల్ముమీద తయారైన కార్టూన్‌ని మన దేశంలో వాడిన పాల్ (PAL) పద్ధతిలో ప్రసారం చేసినప్పుడు ఆ రెండు సగాలూ ఒకే బొమ్మవి. వాటిని జతచేస్తే చాలు, పూర్తి ఫ్రేము దొరుకుతుంది. అక్కడ డీఇంటర్లేసర్ నడిపితే లేని కదలికను ఊహించి గీతల్ని మెత్తబరుస్తుంది. ముందుగా వేగంగా పరిగెత్తే సన్నివేశంలో ఆపి ఒక్కో ఫ్రేమే చూడండి. దువ్వెన పళ్లలాంటి గీతలు లేకపోతే ఏమీ చేయకండి. బొమ్మ ముందుకు వెనక్కి వణుకుతూ కదిలితే సగాల క్రమం తారుమారైందని అర్థం, అది సెట్టింగులో ఒక్క మార్పుతో పోతుంది. చివరి ఫైలుని 4:3గా, అంటే 768 గుణకారం 576గా చూపాలి. లేదంటే పాత్రలన్నీ కాస్త సన్నబడి కనిపిస్తాయి.

ఇక శ్రుతి సంగతి. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు, పాల్ ప్రసారం 25. తేడాని సర్దడానికి మొత్తాన్నీ నాలుగు శాతం చిల్లర వేగంగా నడిపేవారు. 22 నిమిషాల ఎపిసోడ్ 21 నిమిషాల 7 సెకన్లకి దిగుతుంది. శబ్దం కూడా దాంతోపాటే పైకి జరుగుతుంది, హార్మోనియం మీద ఒక మెట్టుకి దాదాపు 70 శాతం. అలాంటి ప్రసారాలు వింటూ పెరిగినవాళ్లకి అసలు శ్రుతిలో పాట వినిపిస్తే గొంతు బరువెక్కినట్టు, పరుగు తగ్గినట్టు అనిపించడం సహజం. తగ్గింది కొత్త సిరీస్‌లో కాదు, పెరిగింది పాత ప్రసారంలో. సరిచేయడానికి ఎడిటర్‌లో ‘స్పీడ్’ని 0.96కి పెట్టాలి. ‘టెంపో’ని ముట్టుకుంటే నిడివి సరిపోతుంది గానీ శ్రుతి తప్పుగానే మిగులుతుంది. అన్ని టేపులకీ ఇది వర్తించదు. అమెరికా పద్ధతి వీడియోలోనే పూర్తిచేసిన సిరీస్‌లని పాల్‌కి మార్చేటప్పుడు వేగం పెంచకుండా ఫ్రేముల్ని ఒకదానిలో ఒకటి కలిపేసేవారు. వాటిలో నిడివి, శ్రుతి సరిగ్గానే ఉంటాయి, కానీ వేగంగా కదిలే చెయ్యికి నీడలాంటి రెండో చెయ్యి కనిపిస్తుంది. ఏ రకమో తేల్చడానికి టైటిల్ పాట నిడివిని అమెరికా డిస్క్ కాపీతో పోల్చండి. నిష్పత్తి 0.96 వస్తే మొదటి రకం, ఒకటి వస్తే రెండో రకం.

పూర్తయిన ఫైలు మూడు ప్రతులుగా, రెండు రకాల నిల్వల్లో, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ఇవి భద్రపరచడానికి మాత్రమే. ఎపిసోడ్ల హక్కులు మనవి కావు కాబట్టి సంఘం ఎవరికీ ఫైళ్లు పంచదు, ఎక్కడా ఎక్కించదు. ఈ విషయంలో కార్యవర్గాన్ని ఒప్పించే ప్రయత్నం వచ్చే ఏడాదైనా మానుకోవాలని మనవి.

చూసే తీరు

టీవీలో మొదట తీసేయాల్సింది కదలికను నున్నగా చేసే సెట్టింగు. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది, పిక్చర్ మెనూలో ‘మోషన్’ అన్న మాట వెతికితే దొరుకుతుంది. కార్టూన్లలో చాలాచోట్ల ఒక బొమ్మని రెండు ఫ్రేములపాటు నిలుపుతారు, అంటే సెకనుకు 12 బొమ్మలే. టీవీ వాటి మధ్య లేని బొమ్మల్ని తయారుచేసి పెడుతుంది. గీతలు జెల్లీలా వంగుతాయి, అంతకన్నా ముఖ్యంగా జోకు చస్తుంది. కామెడీ కార్టూన్‌లో నవ్వు బొమ్మలో ఎంతుందో ఆగడంలోనూ అంతే ఉంటుంది. ‘రోడ్ రన్నర్’ కార్టూన్లలో కొయోటీ కొండ మీంచి పడే దృశ్యానికి దర్శకుడు చక్ జోన్స్ పెట్టుకున్న లెక్క ప్రసిద్ధం. కింద కనుమరుగయ్యేదాకా 18 ఫ్రేములు, ఆ తర్వాత దుమ్ము లేచేదాకా 14. మొత్తం సెకనూ మూడోవంతు. అందులో రెండు ఫ్రేములు అటూ ఇటూ అయితే నవ్వు రాదని ఆయన పట్టు. అలాంటిచోట టీవీకి సొంత తెలివి చూపించే అవకాశం ఇవ్వకూడదు.

రెండోది నిష్పత్తి. 4:3 కార్టూన్‌ని వెడల్పు తెర నిండా సాగదీయడం ఒక తప్పు, పైనా కిందా కోసి నింపడం ఇంకో తప్పు. రెండోదాన్ని పెద్ద సంస్థలూ చేశాయి. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు ‘సింప్సన్స్’ పాత సీజన్లని కోసి 16:9లో పెట్టారు. మూడు రకాల బీరు అంటూ మూడు పీపాలు, వాటన్నిటికీ పైనుంచి ఒకటే గొట్టం. ఆ జోకులో గొట్టమే కోతకు గురైంది. అభిమానులు పక్కపక్కన పెట్టిన బొమ్మలు చూపించి గోల చేశాక 2020 మేలో అసలు నిష్పత్తి ఎంచుకునే వీలు కల్పించారు. అభిమానుల విన్నపం పనిచేయాలంటే ఎలా ఉండాలో దీన్ని చూసి నేర్చుకోవచ్చు. ‘మా బాల్యాన్ని పాడుచేశారు’ అని కాదు, ఫలానా ఎపిసోడ్, ఫలానా షాట్, ఇది పోయింది.

తర్వాత ఆటోప్లే ఆపేయండి, ముగింపు పేర్లు చిన్న డబ్బాలోకి కుంచించుకుపోకుండా ఉంటాయి. సామూహిక ప్రదర్శనల గురించి ఒక్క మాట. ఇంటి చందాతో నలుగురు స్నేహితులు చూడటం వేరు, హాలులో సభ్యులందరికీ వేయడం వేరు. రెండోదానికి హక్కుదారుల అనుమతి కావాలి. అనుమతి లేని ప్రదర్శనని సంఘం పేరుతో ఎవరూ ప్రకటించవద్దు. ఎవరింట్లో వాళ్లు ఒకే సమయానికి చూసేటప్పుడు మొదట్లోనే కాకుండా ప్రతి విరామం దగ్గరా ఆగి మళ్లీ అంకెలు లెక్కపెట్టుకుని మొదలుపెట్టాలి. లేకపోతే ఒకరి నవ్వు ఇంకొకరికి ముందే కథ చెప్పేస్తుంది.

గొంతులు

ఎదురుచూపుల్లో ఎక్కువ భయం గొంతుల మీదే. అందులో న్యాయముంది. 2016లో వచ్చిన ‘పవర్‌పఫ్ గర్ల్స్’లో ముగ్గురు ప్రధాన పాత్రలకీ కొత్త నటుల్ని తీసుకున్నారు, సృష్టికర్త కూడా అందులో లేరు. అది మూడేళ్లు నడిచినా పాత అభిమానులు దాన్ని సొంతం చేసుకోలేదు. 2020 నవంబరు 20న హులూకి వచ్చిన ‘యానిమేనియాక్స్’లో రాబ్ పాల్సన్, జెస్ హార్నెల్, ట్రెస్ మెక్‌నీల్, మోరిస్ లమార్ష్ నలుగురూ 22 ఏళ్ల తర్వాత అవే పాత్రలకి తిరిగొచ్చారు. వినగానే ఇల్లు చేరినట్టుంటుంది.

అయితే ‘పాత గొంతు లేకపోతే చూడం’ అనే తీర్మానాన్ని కార్యవర్గం ఒప్పుకోలేదు. గొంతు మారడానికి కారణాలు ఒక్కటి కావు. పిల్లల పాత్రలకి పిల్లల చేతే చెప్పిస్తే గొంతు పగలక తప్పదు. ‘గంబాల్’ తొలి ఆరు సీజన్లలోనే ప్రధాన పాత్రకి నటులు పలుమార్లు మారారు. మూడో సీజన్‌లో మారినప్పుడు గొంతు పగలడాన్నే కథగా చేసుకుని ‘ది కిడ్స్’ అనే ఎపిసోడ్ తీశారు, అదే ఆ సిరీస్ గడుసుతనం. ‘కింగ్ ఆఫ్ ది హిల్’లో డేల్ పాత్రధారి జానీ హార్డ్‌విక్ 2023 ఆగస్టులో చనిపోవడంతో, ఆయన అప్పటికే చెప్పిన భాగాలు ఉంచుకుని మిగిలినవి టోబీ హస్ చేత చెప్పించారు. ఫెర్బ్ గొంతు కొత్త సీజన్‌లో మారిందనుకునేవాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, డేవిడ్ ఎరిగో జూనియర్ 2020 సినిమాలోనే ఆ పాత్రకి చెప్పారు. ఆ సిరీస్‌కి ఇంకో ధీమా ఉంది. ప్రతినాయకుడు డూఫెన్‌ష్మిర్ట్జ్ గొంతు సృష్టికర్త డాన్ పోవెన్‌మైర్‌దే, మేజర్ మోనోగ్రామ్ గొంతు ఇంకో సృష్టికర్త జెఫ్ మార్ష్‌ది. రాసినవాళ్లే పలికే పాత్రలకి ఆపద తక్కువ.

తెలుగు డబ్బింగు బృందం

ఈ ఏడాది బాగా పండిన పని ఇది. కొత్త సీజన్లకి తెలుగు ఆడియో వస్తే ఎలా ఉండాలి, రాకపోతే ఎలా అడగాలి అన్నవి బృందం ముందున్న రెండు ప్రశ్నలు.

డబ్బింగుకి స్టూడియో నుంచి కావాల్సింది మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉంచిన ట్రాక్. పాత టేపులోని తెలుగు గొంతుల్ని కొత్త శుభ్రమైన బొమ్మకి అతికించడం కుదరకపోవడానికి ఇదే కారణం. టేపులో మాటా సంగీతమూ ఒకటిగా గడ్డకట్టి ఉంటాయి, పైగా వేగం తేడా. పాత డబ్బింగు హక్కులు ఆనాటి చానల్ దగ్గర ఉండొచ్చు, కొత్తది స్ట్రీమింగ్ సంస్థ వేరే స్టూడియోకి ఇవ్వొచ్చు. పాత గొంతులు రాకపోతే ఎవరో అవమానించారని అనుకోనక్కర్లేదు.

పెదవుల లెక్క తెలుగుకి ప్రత్యేకంగా చిక్కు. మనది అజంత భాష, మాట దాదాపుగా అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరుచుకునే ఉంటుంది. ఇంగ్లీషు మాట హల్లుతో టప్పున ఆగుతుంది, బొమ్మ నోరు అక్కడ మూసుకుంటుంది. అనువాదం ఎంత కుదించినా చివర ఒక అక్షరం బయటికి పొర్లుతుంది. దానికి పాత డబ్బింగు రచయితలు వాడిన ఉపాయాలు మూడింటిని బృందం టేపులు వింటూ పట్టుకుంది. చివర ‘రా’, ‘లే’, ‘గా’ లాంటి ఏకాక్షరాలు పెట్టి పొర్లే అక్షరాన్ని తేల్చేయడం ఒకటి. క్రియని ముందుకు లాగి సంబోధనతో ముగించడం ఇంకోటి. మూడోది అన్నిటికన్నా తేలిక, పాత్ర వెనక్కి తిరిగిన క్షణంలో మాట పూర్తిచేయడం. ప, బ, మ అక్షరాలు మాత్రం బొమ్మ పెదవులు కలిసినచోటే పడాలి. మిగతా హల్లుల్లో చూసేవాళ్లు తేడా పట్టరు, ఈ మూడింట్లో వెంటనే పడతారు.

జోకుల విషయంలో ఎక్కువ చర్చ జరిగింది డూఫెన్‌ష్మిర్ట్జ్ యంత్రాల మీద. ఆయన కనిపెట్టే ప్రతిదాని పేరూ ‘ఇనేటర్’తో ముగుస్తుంది. దాన్ని ‘యంత్రం’ అనేస్తే అర్థం వస్తుంది, నవ్వు రాదు. ‘వినాశిని’ అనడం పౌరాణికం అవుతుంది. బృందం తేల్చింది ఏమిటంటే తెలుగుకి ఇక్కడ అయాచిత వరం ఉంది. మన క్రియలు ‘ఇన’తో ముగిసే రూపం తీసుకుంటాయి, అక్కడ ‘ఏటర్’ తగిలిస్తే పేరు దానంతటదే పుడుతుంది. కరిగించినేటర్, ఉబ్బించినేటర్, మతిమరపించినేటర్. చిన్న పిల్లాడు కూడా సొంతంగా ఇంకోటి కట్టగలడు, అదే మంచి అనువాద జోకుకి పరీక్ష. దీనికి ఎదురు వాదనా ఉంది. ‘కరిగించిన’ అంటే అప్పటికే పనైపోయినట్టు కదా అని వ్యాకరణం బాగా తెలిసిన సభ్యులు అడిగారు. నిజమే. కానీ ఆయన యంత్రాలు ఎలాగూ పని పూర్తిచేయవు కాబట్టి ఆ తప్పు కూడా పాత్రకి నప్పుతుందని మెజారిటీ అభిప్రాయం.

ఆడియో కోసం రాసే విన్నపంలో ఒక్క కోరికే ఉండాలి. సిరీస్ పేరు, సీజన్, ఇప్పుడు ఏ భాషలు కనిపిస్తున్నాయి, ఏ పరికరంలో చూశారు, ఏం కావాలి. అయిదు వాక్యాలు. యాప్‌లోని సహాయ విభాగం ద్వారానే పంపండి. ఒకే పాఠాన్ని అందరూ నకలు చేసి పంపితే ఒక విన్నపంగా కట్టగట్టే ప్రమాదం ఉంది, మీ మాటల్లో రాయండి.

పుకార్లు, తేదీలు

ప్రకటన వెలువడిన మర్నాటి నుంచే ‘ట్రైలర్ ఎప్పుడు’ అని అడగడం అభిమాన ధర్మం. కాకపోతే లెక్క తెలిస్తే నిద్ర పడుతుంది. ‘యానిమేనియాక్స్’ 2018 జనవరిలో ప్రకటించి 2020 నవంబరులో వచ్చింది, 34 నెలలు. ‘ఫినియస్’కి 29 నెలలు పట్టింది, ‘కింగ్ ఆఫ్ ది హిల్’కి 31. రెండున్నరేళ్లు మామూలు కాలమనుకోండి. కథాసారం, స్క్రిప్టు లేదా స్టోరీబోర్డు, గొంతుల రికార్డింగు, బోర్డులకి గొంతు జతచేసి నిడివి చూసుకునే యానిమాటిక్, ఆ తర్వాతే యానిమేషన్, తప్పులు తిప్పి పంపే రీటేకులు, చివరికి సంగీతం, మిక్సింగ్. గొంతు ముందు, బొమ్మ తర్వాత. కాబట్టి ‘నటులు రికార్డింగ్ మొదలుపెట్టారు’ అన్న వార్త వస్తే ఇంకా ఏడాదైనా ఉందని అర్థం చేసుకోవాలి, వచ్చే నెల అని కాదు.

ఈ ఆలస్యానికి ఇంకో ఫలితం ఉంది. తాజా వార్తల మీద వేసిన జోకు తెరకెక్కేసరికి చద్దిదవుతుంది. ‘యానిమేనియాక్స్’ దీన్ని ముందే పసిగట్టి, ఇది 2018లో రాశామని మొదటి ఎపిసోడ్‌లోనే చెప్పేసుకుంది. తప్పించుకోవడం కూడా ఒక కళ.

ప్రకటించినవన్నీ వస్తాయనీ లేదు. 2019లో ముడి విప్పకుండా ముగిసిన ‘గంబాల్’కి సినిమాగా కొనసాగింపు అన్నారు. 2022 ఆగస్టులో హెచ్‌బీవో మాక్స్ వదిలేసిన ప్రాజెక్టుల్లో అదీ ఉంది. మూడేళ్లకి సిరీస్ రూపంలో తిరిగొచ్చింది.

దొంగ ట్రైలర్లు ఈ ఏడాది మరీ ఎక్కువయ్యాయి. మన గుంపుల్లో పంపేముందు చూడాల్సినవి: చివర్లో కాపీరైటు వాక్యం ఉందా, ఒకే పాత్రకి షాటు షాటుకీ వేళ్ల సంఖ్య, చొక్కా గుండీలు మారుతున్నాయా, గొంతు పాత ఎపిసోడ్ల ముక్కలేనా, పెట్టింది నిర్మాణ సంస్థ సొంత ఖాతాయేనా. వివరణలో అడుగున ‘కాన్సెప్ట్’ (ఊహించి చేసినది) అన్న మాట చాలామంది చదవరు. చదవండి.

పాత పునరాగమనాల అధ్యయనం

అధ్యయన వర్గం ఈ ఏడాది ‘టామ్ అండ్ జెర్రీ’ని తీసుకుంది, ఎందుకంటే తిరిగిరావడంలో దానంత అనుభవం ఇంకెవరికీ లేదు. దాని సృష్టికర్తలు హన్నా, బార్బెరా 1940 నుంచి 1958 దాకా 114 చిన్న చిత్రాలు తీసి ఏడు ఆస్కార్లు తెచ్చారు. ఆగిన మూడేళ్లకి ఆ పని దర్శకుడు జీన్ డీచ్ చేతికి వెళ్లింది. ప్రాగ్‌లో, చిన్న బడ్జెట్‌తో, పాత చిత్రాలు పెద్దగా చూడని బృందంతో 1961, 62లో 13 చిత్రాలు వచ్చాయి. ప్రతిధ్వనించే వింత శబ్దాలు, కుదుపుల కదలిక, యజమాని చేతిలో టామ్‌కి పడే మరీ కటువైన దెబ్బలు, ఇవి అభిమానులకి రుచించలేదు. తర్వాత చక్ జోన్స్ 1963 నుంచి 67 దాకా 34 చేశారు. బొమ్మ ఎంతో అందం, పరుగు మాత్రం ఆయనది, హన్నాది కాదు. 1975లో అసలు సృష్టికర్తలే టీవీకి తిరిగి తెచ్చారు. ఈసారి పిల్లల టీవీలో హింస మీద ఉన్న ఆంక్షల వల్ల పిల్లీ ఎలుకా స్నేహితులైపోయాయి, జెర్రీ మెడలో ఎర్రటి బో టై కట్టుకుంది.

ఇది చూశాక ‘సృష్టికర్త తిరిగొస్తే చాలు’ అన్న మన పాత నమ్మకం సడలక తప్పదు. సృష్టికర్త ఉన్నా పోట్లాట లేకపోతే అది టామ్ అండ్ జెర్రీ కాదు. ‘యానిమేనియాక్స్’ కొత్త రూపంలో దాని సృష్టికర్త టామ్ రూగర్ లేరు, స్లాపీ ఉడత, పావురాల ముఠా లాంటి పక్క పాత్రల్ని దాదాపుగా పక్కనపెట్టారు. గొంతులూ సంగీతమూ పదిలంగా ఉన్నా, ఎపిసోడ్ వార్నర్ తోబుట్టువులకీ పింకీ, బ్రెయిన్ అనే ఎలుకలకీ మధ్యే ఊగింది. పాత సిరీస్ అంగడిలా కలగాపులగంగా ఉండటమే దాని నవ్వు. మా అంచనాలో అసలు లోటు అదే. దీనికి భిన్నంగా ‘ఫినియస్’ పాత చట్రాన్ని ముట్టుకోలేదు, ఇంకో వేసవి, ఇంకో 104 రోజులు అంది. చట్రం కదలకుండా ఉంటే లోపల ఎంత వెర్రివేషమైనా వేయొచ్చు. ‘పవర్‌పఫ్’ కోసం చూసేవాళ్లు కూడా ఎవరు తిరిగొస్తున్నారన్నదానికంటే చట్రంలో ఏం మారుస్తున్నారన్న వార్తనే వెతకాలని వర్గం సూచన.

మిగిలినవి

కొత్త ఎపిసోడ్ వచ్చాక 72 గంటలు సంఘం గుంపుల్లో కథ బయటపెట్టకూడదన్న నియమం కొనసాగుతుంది. పేరు, బొమ్మ, ఒక్క నవ్వు గుర్తు కూడా కథ చెప్పడం కిందికే వస్తాయి. జమాఖర్చుల పట్టిక, హాజరు వివరాలు విడిగా జతచేశాం.

వచ్చే ఏడాదికి మూడు పనులు పెట్టుకున్నాం. జాబితాలో ‘నిడివి’ గడి ఖాళీగా ఉన్నవి పూర్తిచేయడం, బూజు పట్టిన టేపులకి విడిగా ఒక పాత ప్లేయర్ కేటాయించడం, ‘పవర్‌పఫ్’ 1998 నుంచి 2005 వరకు వచ్చిన మూల సీజన్లని తయారైన క్రమంలో మొదటి నుంచి చూడటం. టేపులు తెచ్చే సభ్యులు క్యాసెట్ అంచున ఉన్న ప్లాస్టిక్ రెక్కని ముందే విరిచి తీసుకురావాలి. అది ఉంటే పొరపాటున రికార్డు మీట నొక్కితే పాత ప్రసారం చెరిగిపోతుంది. పెట్టె మీద పాత చేతిరాత ఉంటే చింపకండి, ఆ తేదీలు జాబితా బృందానికి కావాలి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి